ఆడని కెప్టెన్ చేసే పని: బార్బరా రిట్నర్ పన్నెండేళ్లు

టెన్నిస్‌కు జట్టు స్వభావం లేదు. క్రికెట్‌లో, హాకీలో, కబడ్డీలో జట్టు ముందు ఉంటుంది, ఆటగాడు అందులో ఇమిడిపోతాడు. టెన్నిస్ క్రీడాకారిణి మాత్రం ఏడాది పొడవునా తన పేరు మీదే ఆడుతుంది, తన ఖర్చుతో తిరుగుతుంది, తాను కుదుర్చుకున్న కోచ్ మాట వింటుంది, ర్యాంకు కోసం తోటి దేశస్థురాలినైనా ఓడించి ముందుకు వెళ్తుంది. అలాంటి నలుగురిని ఏడాదిలో రెండు మూడు వారాల పాటు ఒకచోట చేర్చి, ఒకే రంగు దుస్తులు తొడిగి, దేశం పేరు మీద ఆడించే పోటీ ఫెడ్ కప్. 1963లో మొదలైన ఈ పోటీని 2020 నుంచి బిల్లీ జీన్ కింగ్ కప్ అని పిలుస్తున్నారు. ఇందులో ప్రతి జట్టుకూ ఒక కెప్టెన్ ఉంటారు. సాధారణంగా ఆ కెప్టెన్ రాకెట్ పట్టరు. కోర్టు పక్కన కుర్చీలో కూర్చుని, క్రీడాకారిణి కోర్టులో ఒక చివర నుంచి మరో చివరకు మారే ప్రతిసారీ ఒకటిన్నర నిమిషం పాటు ఆమెతో మాట్లాడతారు.

ఈ కెప్టెన్‌కు నిజంగా ఎంత బలం ఉంటుందన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు. క్రీడాకారిణి సర్వీసును, ఫిట్‌నెస్‌ను, మనోధైర్యాన్ని ఏడాదంతా తీర్చిదిద్దేది ఆమె సొంత కోచ్. ఏ టోర్నీలో ఆడాలో, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలో నిర్ణయించుకునేది ఆమే. దేశం తరఫున ఆడనని చెబితే ఆమెను బలవంతంగా రప్పించే అధికారం కెప్టెన్‌కు లేదు. ఒలింపిక్స్‌లో ఆడాలంటే అంతకు ముందు కొన్నిసార్లయినా జాతీయ జట్టుకు అందుబాటులో ఉండాలన్న నిబంధన ఒకటి ఉంది కానీ, దానితో మనిషిని తేవచ్చునేమో గాని మనసును తేలేరు. ఇన్ని పరిమితుల మధ్య ఒక కెప్టెన్ చేయగలిగింది ఏమిటో, చేయలేనిది ఏమిటో తెలుసుకోవడానికి జర్మనీకి చెందిన బార్బరా రిట్నర్ కెరీర్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. 2005 నుంచి 2017 దాకా ఆమె జర్మనీ మహిళల జట్టుకు కెప్టెన్. కప్పు ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా ఆధునిక జర్మన్ మహిళల టెన్నిస్ కథ ఆమె పేరు లేకుండా సాగదు.

గ్రాఫ్ నీడలో ఒక కెరీర్

రిట్నర్ 1973 ఏప్రిల్ 25న క్రెఫెల్డ్‌లో పుట్టింది. 1991లో వింబుల్డన్ బాలికల సింగిల్స్ టైటిల్‌ను ఎలెనా మకరోవాపై గెలిచింది. ఆ ఏడాది మహిళల టైటిల్ స్టెఫీ గ్రాఫ్‌ది. ఒకే దేశానికి చెందిన ఇద్దరు, ఒకే పచ్చికపై, ఒకే ఏడాది రెండు ట్రోఫీలు అందుకోవడం చూసినవారికి జర్మనీలో వారసత్వం సిద్ధంగా ఉందనిపించి ఉంటుంది. అలా జరగలేదు. రిట్నర్ అత్యుత్తమ సింగిల్స్ ర్యాంకు 24. అది 1993 ఫిబ్రవరిలో దక్కింది. ఆమె గెలిచిన డబ్ల్యూటీఏ (మహిళల వృత్తి టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిళ్లు రెండే, 1992లో అమెరికాలోని షెనెక్టడీలో ఒకటి, 2001లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో మరొకటి. రెండింటి మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి. మొదటి పదిమందిలోకి రాకుండా, అలాగని ఆట వదిలేయకుండా, వారం వారం కొత్త ఊళ్లో తొలి రౌండు ఆడుతూ ఇంతకాలం నిలబడినవారికి ఓటమి గురించి తెలిసే సంగతులు చాంపియన్లకు అంతగా తెలియవు. కెప్టెన్‌గా ఆమెకు ఇదే పెద్ద మూలధనమైందని నా అభిప్రాయం.

జట్టు విషయానికి వస్తే ఆమె తొలినాళ్ల అనుభవమే శిఖరం. 1992 జూలైలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మనీ ఫైనల్లో స్పెయిన్‌ను 2-1తో ఓడించి ఫెడరేషన్ కప్ గెలిచింది. గ్రాఫ్, అంకె హుబర్‌లతో పాటు పందొమ్మిదేళ్ల రిట్నర్ ఆ జట్టులో ఉంది. 1987లో వాంకూవర్‌లో గ్రాఫ్, క్లాడియా కోడె-కిల్ష్ జోడీ గెలిపించింది పశ్చిమ జర్మనీని కాబట్టి, రెండు జర్మనీలు ఒకటయ్యాక వచ్చిన మొదటి కప్పు ఇదే. ఆ తర్వాత జర్మనీ మహిళలకు మరో కప్పు దక్కలేదు. అప్పట్లో పోటీ అంతా ఒకే నగరంలో, ఒకే వారంలో, 32 జట్లతో ముగిసేది. 1995లో పద్ధతి మారింది. రెండు దేశాలు ఒక దేశపు గడ్డపై రెండు రోజులపాటు ఐదు మ్యాచ్‌లు ఆడుకునే విధానం వచ్చింది, పేరు కూడా ఫెడ్ కప్‌గా కుదించుకుపోయింది. రిట్నర్ క్రీడాకారిణిగా ఈ రెండు పద్ధతులనూ చూసింది.

1999లో గ్రాఫ్, 2001లో హుబర్ తప్పుకున్నాక జర్మనీకి ఏం మిగిలిందో చూస్తే 2005లో రిట్నర్ చేపట్టిన బాధ్యత బరువు అర్థమవుతుంది. సభ్యుల సంఖ్యలో జర్మన్ టెన్నిస్ సమాఖ్య ప్రపంచంలోనే అతి పెద్దది. అయినా మొదటి ఇరవైమందిలో చెప్పుకోదగ్గ పేరు అన్నా-లీనా గ్రోన్‌ఫెల్డ్ ఒక్కతే. ఆమె కూడా 2006లో 14వ ర్యాంకు దాకా ఎదిగి తర్వాత వెనకబడింది. సమాఖ్య ఎంత పెద్దదైనా జర్మనీలో పిల్లలకు ఆట నేర్పే పని ఊరూరి క్లబ్బులది, వాటి పైన ఉండే ప్రాంతీయ సంఘాలది. కేంద్రం నుంచి ఒకరు ఆదేశిస్తే అందరూ ఒకే దారిలో నడిచే వ్యవస్థ అక్కడ లేదు. ఇలాంటి చోట జాతీయ జట్టు కెప్టెన్ ఏడాదికి రెండుసార్లు వచ్చి కుర్చీలో కూర్చుని వెళ్లిపోతే ఎవరూ తప్పు పట్టరు కూడా.

నలుగురు అమ్మాయిలు, నాలుగు దారులు

రిట్నర్ కెప్టెన్ అయిన ఏడాది ఆండ్రియా పెట్కోవిచ్, ఏంజెలిక్ కెర్బర్‌లకు 17 ఏళ్లు, జూలియా గోర్జెస్‌కు 16, సబీన్ లిసికికి 15. రాబోయే పదిహేనేళ్లు జర్మన్ మహిళల టెన్నిస్ అంటే ఈ నలుగురే. వీరిని ఒక తరం అని పిలవడం మనకు ఇప్పుడు తేలిక. అప్పట్లో వీరిని కలిపే తాడు ఏదీ లేదు. బోస్నియాలోని తుజ్లాలో పుట్టిన పెట్కోవిచ్, టెన్నిస్ కోచ్ అయిన తండ్రి దగ్గర డార్మ్‌స్టాట్‌లో ఆట నేర్చుకుంది. కీల్ నగరంలో పెరిగిన కెర్బర్ మూలాలు పోలండ్‌లో ఉన్నాయి; అక్కడి పుష్చికోవోలో తాతగారి టెన్నిస్ కేంద్రమే ఆమెకు సాధనా స్థలం. లిసికి ఫ్లోరిడాలోని బొలెటియరీ అకాడమీలో తయారైంది. గోర్జెస్ ఉత్తరాన బాడ్ ఓల్డెస్లో అనే చిన్న పట్టణం నుంచి వచ్చింది. వేర్వేరు ఇళ్లలో స్థిరపడి పండుగకు మాత్రం పుట్టింటికి చేరే ఆడపడుచుల్లా వీరు జాతీయ జట్టులో కలుసుకునేవారు. ఆ కలయిక ఇష్టంగా సాగేలా చూడటమే కెప్టెన్ మొదటి పని అయింది.

ఆమె దాన్ని ఎలా చేసిందన్నది ఒక్క సంఘటనలో చెప్పగలిగేది కాదు. చిన్న టోర్నీల్లో ఆడుతున్న రోజుల నుంచే ఈ అమ్మాయిల ఆట చూడటం, వారి సొంత కోచ్‌లతో సఖ్యంగా ఉండటం, గాయపడినప్పుడు, ర్యాంకు పడిపోయినప్పుడు కూడా జట్టుతో సంబంధం తెగకుండా చూడటం వంటివి పత్రికల్లో శీర్షికలు కావు. కానీ ఫలితాలను వరుసగా పేర్చి చూస్తే వీటి జాడ తెలుస్తుంది. 2011 వేసవిలో కెర్బర్ వింబుల్డన్ తొలి రౌండులోనే ఓడి, ర్యాంకు వందకు చేరువవుతున్న స్థితిలో, ఆఫెన్‌బాక్‌లో రైనర్ షుట్లర్, అలెగ్జాండర్ వాస్కె నడిపే అకాడమీలో పెట్కోవిచ్‌తో కలిసి సాధన చేసింది. పెట్కోవిచ్ అప్పటికి మొదటి పదిమంది అంచున ఉంది. కొద్ది వారాల తర్వాత 92వ ర్యాంకుతో అమెరికన్ ఓపెన్‌లో దిగిన కెర్బర్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఇందులో రిట్నర్ చేసిందేమీ లేదనవచ్చు. అయితే వ్యక్తిగత ఆటలో ప్రత్యర్థులుగా తారసపడే ఇద్దరు ఒకరి సాధనకు ఒకరు తోడవ్వాలంటే వారి మధ్య ముందే ఒక చనువు ఉండాలి. ఆ చనువు పెరగడానికి జాతీయ జట్టు శిబిరాల కంటే అనువైన చోటు మరొకటి లేదు.

ఆ 2011 ఏప్రిల్‌లోనే జర్మనీ స్టట్‌గార్ట్‌లో అమెరికాను 5-0తో చిత్తు చేసి పోటీలో పై శ్రేణి అయిన వరల్డ్ గ్రూప్‌లోకి తిరిగి వచ్చింది. వారం తిరిగేసరికి అదే నగరంలో గోర్జెస్ అప్పటి నంబర్‌వన్ కరోలిన్ వోజ్నియాకిని ఫైనల్లో ఓడించి టైటిల్ గెలిచింది. ఇక్కడ ఒక లెక్క ఉంది. సొంత గడ్డపై పోటీ జరిగితే కోర్టు ఏ రకమో ఎంచుకునే హక్కు ఆతిథ్య దేశానిది. స్టట్‌గార్ట్‌లోని పోర్షే అరేనాలో ఏటా ఏప్రిల్‌లో క్లే కోర్టుపై డబ్ల్యూటీఏ టోర్నీ జరుగుతుంది. ఫెడ్ కప్ పోటీని అక్కడే, ఆ టోర్నీకి ముందో తర్వాతో పెడితే క్రీడాకారిణులకు ప్రయాణం తగ్గుతుంది, కోర్టు మారదు, దేశం కోసం వెచ్చించిన వారం సొంత కెరీర్‌కూ అక్కరకొస్తుంది. దేశభక్తి గురించి ఉపన్యాసం ఇవ్వడం కంటే ఇలాంటి ఏర్పాటు క్రీడాకారిణిని జట్టుకు దగ్గర చేస్తుంది. 2012 నుంచి పోర్షే సంస్థ మహిళల జట్టుకు భాగస్వామి కావడం, ఆ డబ్బుతో ఎదిగే పిల్లల కోసం ప్రత్యేక బృందాన్ని పోషించడం కూడా ఈ దారిలోనే సాగింది.

పైకి రావడం ఎంత కష్టమో నిలబడటం అంతకంటే కష్టం. 2012లో జర్మనీ తన గడ్డపైనే మొదట చెక్ రిపబ్లిక్ చేతిలో, తర్వాత ఆస్ట్రేలియా చేతిలో ఓడి మళ్లీ రెండో శ్రేణికి దిగింది. ఆ ఏడాది పెట్కోవిచ్‌ను వెన్ను, చీలమండ, మోకాలు వరుసగా దెబ్బతీశాయి. మొదటి పదిమందిలోంచి జారిన ఆమె ఆట మానేద్దామా అన్నంత దూరం వెళ్లింది. 2013లో ఫ్రాన్స్‌ను, సెర్బియాను ఓడించి జట్టు మళ్లీ పైకి చేరింది. అదే వేసవిలో లిసికి వింబుల్డన్‌లో సెరెనా విలియమ్స్‌ను ఓడించి, ఫైనల్ దాకా వెళ్లి మరియన్ బర్తోలి చేతిలో ఓడింది.

ప్రాగ్, సోచీ, లైప్‌జిగ్

2014 రిట్నర్ కెప్టెన్సీకి శిఖరం. ఫిబ్రవరిలో బ్రాటిస్లావాలో స్లొవాకియాపై 3-1తో గెలుపు వచ్చింది. ఆ ప్రత్యర్థి జట్టులో అప్పుడే ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడి వచ్చిన డొమినికా సిబుల్కోవా ఉంది. ఏప్రిల్‌లో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియాపై మళ్లీ 3-1. రెండూ పరాయి గడ్డ మీద, పరాయి ప్రేక్షకుల హోరులో వచ్చినవి. ఇరవై రెండేళ్ల తర్వాత జర్మనీ ఫైనల్ చేరింది. 1992 జట్టులో చివరి వరుసలో ఉన్న అమ్మాయి ఇప్పుడు కెప్టెన్ కుర్చీలో ఉంది.

నవంబరులో ప్రాగ్‌లో జరిగిన ఆ ఫైనల్‌ను 3-1తో చెక్ జట్టు గెలిచింది. మొదటి రోజు పెట్రా క్విటోవా చేతిలో పెట్కోవిచ్ 6-2, 6-4తో, లూసీ సఫరోవా చేతిలో కెర్బర్ 6-4, 6-4తో ఓడారు. మరునాడు క్విటోవాపై కెర్బర్ చేసిన పోరాటం 7-6, 4-6, 6-4తో ముగిసేసరికి కప్పు చెక్ చేతికి వెళ్లింది. చివరి డబుల్స్‌లో గోర్జెస్, లిసికి గెలిచినా దానికి విలువ లేకపోయింది. ఈ ఓటమిలో కెప్టెన్ తప్పు వెతకడం అన్యాయం. క్విటోవా ఆ ఏడాది వింబుల్డన్ విజేత, ఇండోర్ కోర్టుల్లో ఆమె ఎడమచేతి సర్వీసును తట్టుకోవడం ఎవరికైనా గగనమే. 2011 నుంచి 2018 లోపు చెక్ రిపబ్లిక్ ఈ కప్పును ఆరుసార్లు గెలిచింది. జర్మనీకి మంచి తరం వచ్చిన కాలంలోనే పొరుగున అంతకంటే లోతైన జట్టు ఉంది. చరిత్రలో ఇలాంటి పక్కపక్క ఉనికికి ఎవరినీ బాధ్యులను చేయలేం.

కెప్టెన్ నిర్ణయాన్ని నిజంగా తూచాల్సింది మరుసటి ఏడాది సోచీలో. దాన్ని అర్థం చేసుకోవాలంటే అప్పటి పద్ధతి తెలియాలి. కెప్టెన్ నలుగురిని ఎంపిక చేస్తారు. శనివారం రెండు సింగిల్స్, ఆదివారం ప్రత్యర్థులు మారి మరో రెండు సింగిల్స్, చివర డబుల్స్. శనివారం ఆడినవారినే ఆదివారం కూడా దింపాలని లేదు; కెప్టెన్ మనసు మార్చుకుని మిగిలిన ఇద్దరిలో ఒకరిని, అవసరమైతే ఇద్దరినీ పంపవచ్చు. కాగితం మీద కెప్టెన్‌కు ఉన్న అసలైన అధికారం ఇదొక్కటే.

2015 ఏప్రిల్ 12న కెర్బర్ అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో టైటిల్ గెలిచింది. అదే టోర్నీ సెమీఫైనల్లో ఆమె చేతిలో ఓడింది పెట్కోవిచ్. ఇద్దరూ అట్లాంటిక్ దాటి, ఏడు గంటల కాలభేదాన్ని మింగి, వారం తిరగకుండానే నల్లసముద్రం ఒడ్డున రష్యాతో సెమీఫైనల్ ఆడాలి. రిట్నర్ శనివారం వారిద్దరినీ పక్కన పెట్టి లిసికిని, గోర్జెస్‌ను దింపింది. లిసికి ఆ వసంతంలో ఇండియన్ వెల్స్‌లో సెమీస్ దాకా వెళ్లింది కాబట్టి ఇది గుడ్డి జూదం కాదు. కానీ స్వెత్లానా కుజ్నెత్సోవా, అనస్తాసియా పావ్లుచెంకోవాల చేతిలో ఇద్దరూ ఓడారు, రష్యా 2-0తో ముందుకు వెళ్లింది. ఆదివారం రిట్నర్ రెండు స్థానాలనూ మార్చేసింది. పెట్కోవిచ్ కుజ్నెత్సోవాను, కెర్బర్ పావ్లుచెంకోవాను వరుస సెట్లలో, ఊపిరి సలపనివ్వకుండా ఓడించి 2-2 చేశారు. చివరి డబుల్స్‌లో పావ్లుచెంకోవా, ఎలెనా వెస్నినాల ముందు లిసికి, పెట్కోవిచ్ నిలవలేకపోయారు. రష్యా 3-2తో ఫైనల్ చేరింది.

ఆదివారపు సింగిల్స్ చూసినవారికి సహజంగా వచ్చే మాట ఒకటే: శనివారమే వీరిని దింపి ఉంటే? ఈ మాటలో ఒక లొసుగు ఉంది. శనివారం విశ్రాంతి దొరికింది కాబట్టే ఆదివారం వారు అంత తాజాగా ఆడారేమో. రెండు రోజులూ ఆడి ఉంటే రెండో రోజు కాళ్లు ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు. నా మటుకు నేను ఆ నిర్ణయంలో కనీసం ఒక మార్పు, అంటే శనివారం ఇద్దరిలో ఒకరినైనా ఉంచడం, మేలు చేసి ఉండేదని అనుకుంటాను. ఎందుకంటే 2-0 వెనకబడిన జట్టు మూడు మ్యాచ్‌లూ గెలవాలి, 1-1తో ఉన్న జట్టు రెండు గెలిస్తే చాలు. అయినా ఆ ఆదివారంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వేరే సంగతి. ప్రపంచ స్థాయి టైటిల్ గెలిచి వచ్చిన క్రీడాకారిణిని కెప్టెన్ మొదటి రోజు కూర్చోబెట్టింది. ఆమె మరునాడు అలక లేకుండా వచ్చి అంత ధాటిగా ఆడింది. శనివారం ఓడినవారు ఆదివారం పక్కన కూర్చుని చప్పట్లు కొట్టారు, వారిలో ఒకరు మళ్లీ డబుల్స్‌కు దిగారు. పదేళ్లు పెంచిన నమ్మకం లేకపోతే ఈ మార్పిడి జట్టును చీల్చేది.

ఆ వారం చార్ల్‌స్టన్ నుంచి దేశం కోసం విమానం ఎక్కినవారిలో మన సానియా మీర్జా కూడా ఉంది. మార్టినా హింగిస్‌తో కలిసి అక్కడ డబుల్స్ టైటిల్ గెలిచి ప్రపంచ నంబర్‌వన్ అయిన సానియా, నేరుగా హైదరాబాద్ చేరి, ఆసియా ఓషియానియా రెండో గ్రూపు పోటీల్లో భారత జట్టుకు ఆడుతూనే కెప్టెన్‌గా వ్యవహరించి, జట్టును మొదటి గ్రూపులోకి చేర్చింది. ఒకే టోర్నీ నుంచి బయలుదేరిన రెండు ప్రయాణాలివి. సానియా తన నిర్ణయం తానే తీసుకుని తానే ఆడింది. రిట్నర్ నిర్ణయం తీసుకుని ఇతరుల ఆట చూడాల్సి వచ్చింది. కెప్టెన్సీలోని రెండు రకాలకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకడం అరుదు.

2016 ఫిబ్రవరిలో లైప్‌జిగ్‌లో జరిగింది చూస్తే టెన్నిస్ క్యాలెండర్ కెప్టెన్‌ను ఎలా కట్టేస్తుందో తెలుస్తుంది. జనవరి 30న కెర్బర్ మెల్‌బోర్న్‌లో సెరెనా విలియమ్స్‌ను ఓడించి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. 1999లో గ్రాఫ్ తర్వాత గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన తొలి జర్మన్ మహిళ ఆమె. సరిగ్గా వారం తర్వాత లైప్‌జిగ్‌లో స్విట్జర్లాండ్‌తో పోటీ. దేశం మొత్తం ఆమె కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఆమె స్వయంగా ఆడతానని వచ్చినప్పుడు, ఏ కెప్టెన్ వద్దంటుంది? కెర్బర్ శనివారం గెలిచింది, ఆదివారం బెలిండా బెంచిచ్ చేతిలో ఓడింది. పెట్కోవిచ్ స్థానంలో దించిన అన్నికా బెక్ గెలిచి 2-2 చేసింది. నిర్ణాయక డబుల్స్‌లో హింగిస్, బెంచిచ్ జోడీ పెట్కోవిచ్, గ్రోన్‌ఫెల్డ్‌లను ఓడించింది. ఏప్రిల్‌లో రొమేనియాలోని క్లూజ్‌లో 4-1తో గెలవకపోతే ఆ ఏడాది జట్టు మళ్లీ కిందికి వెళ్లేది.

రెండేళ్లలో రెండు పోటీలు ఐదో మ్యాచ్‌లో, అంటే డబుల్స్‌లో చేజారాయి. ఇది యాదృచ్ఛికం కాదు. సింగిల్స్‌లో మొదటి ఇరవైలో ఉన్నవారు డబుల్స్ అరుదుగా ఆడతారు. డబుల్స్‌కే అంకితమైన గ్రోన్‌ఫెల్డ్ జట్టులో ఉన్నా, ఆమెతో ఏడాదంతా కలిసి ఆడే జర్మన్ జోడీదారు లేదు. రెండు రోజుల సింగిల్స్ తర్వాత ఎవరి కాళ్లలో బలం మిగిలిందో చూసి అక్కడికక్కడే జోడీ కూర్చాల్సి వచ్చేది. కెప్టెన్ చేతిలో ఉన్న అధికారానికీ, చేతిలో ఉన్న వనరులకూ మధ్య ఖాళీ ఎక్కువగా కనిపించింది ఇక్కడే.

చివరి ఏడాది, ఆ తర్వాత

2017 ఫిబ్రవరిలో హవాయిలోని లహైనాలో అమెరికా చేతిలో 4-0తో జర్మనీ ఓడింది. కెర్బర్ ఆ జట్టులో లేదు. పోటీ ప్రారంభానికి ముందు గాయకుడు జర్మనీ జాతీయ గీతంలో నాజీల కాలపు జ్ఞాపకాలతో ముడిపడి, అధికారికంగా పాడటం మానేసిన మొదటి చరణాన్ని పాడాడు. క్రీడాకారిణులు, రిట్నర్ దిగ్భ్రాంతి చెంది, సరైన చరణాన్ని తామే గొంతెత్తి పాడే ప్రయత్నం చేశారు. అమెరికా టెన్నిస్ సంఘం తర్వాత క్షమాపణ చెప్పింది. దేశం పేరు మీద ఆడటం అంటే దుస్తుల రంగు మాత్రమే కాదని, ఆ దేశ చరిత్ర భారం కూడా కోర్టు మీదకు వస్తుందని అంత సూటిగా తెలిపిన సందర్భాలు క్రీడల్లో ఎక్కువ లేవు. ఏప్రిల్‌లో స్టట్‌గార్ట్‌లో ఉక్రెయిన్‌పై 3-2తో గెలిచి జర్మనీ వరల్డ్ గ్రూప్‌లో నిలిచింది. రిట్నర్ కెప్టెన్‌గా కూర్చున్న చివరి పోటీ అది. జెన్స్ గెర్లాక్ ఆమె స్థానంలోకి వచ్చాడు. రిట్నర్ సమాఖ్యలో మహిళల టెన్నిస్ విభాగానికి అధిపతి అయింది. తర్వాతి కాలంలో బెర్లిన్‌లో జరిగే పచ్చిక కోర్టు టోర్నీకి డైరెక్టర్‌గా కూడా పని చేసింది.

2018 ఫిబ్రవరిలో కెర్బర్, గోర్జెస్ ఇద్దరూ లేకుండానే జర్మనీ మిన్స్క్‌లో బెలారుస్‌ను 3-2తో ఓడించి సెమీస్ చేరింది. తాత్యానా మరియా, గ్రోన్‌ఫెల్డ్ వంటివారు ముందుండి ఆడిన ఆ గెలుపును చూస్తే, ఒకరిద్దరి ర్యాంకుల మీద కాక జట్టు అలవాటు మీద ఏదో నిలబడిందని అనిపిస్తుంది. సెమీస్‌లో మాత్రం జర్మనీ చెక్ చేతిలో 4-1తో ఓడింది.

అయితే రిట్నర్ కాలాన్ని పొగిడేవారు కూడా దాటవేయలేని ప్రశ్న ఒకటి ఉంది: ఆ నలుగురి తర్వాత ఎవరు? 2018లో కెర్బర్ వింబుల్డన్ గెలిచింది, గోర్జెస్ అక్కడే సెమీస్ ఆడింది. కానీ 1990ల్లో పుట్టిన తరం నుంచి అలాంటివారు రాలేదు. లైప్‌జిగ్‌లో జట్టును నిలబెట్టిన అన్నికా బెక్ 24 ఏళ్లకే ఆట వదిలేసింది. 2022 వింబుల్డన్‌లో జూలె నీమయర్ క్వార్టర్స్, 34 ఏళ్ల తాత్యానా మరియా సెమీస్ చేరడం మెరుపులే గాని వరుస విజయాలు కావు. దీనికి రిట్నర్‌ను మాత్రమే నిందించడం తేలిక దారి. పిల్లలు తొలిసారి రాకెట్ పట్టే క్లబ్బుల మీద కెప్టెన్‌కు గాని, విభాగాధిపతికి గాని పట్టు ఉండదని ముందే చెప్పుకున్నాం. 17 ఏళ్ల ప్రతిభను గుర్తించి, చేరదీసి, పదేళ్లు కాపాడటం ఒక పని. పదేళ్ల పిల్లల్లో ఆ ప్రతిభ పుట్టేలా దేశమంతటా పునాది వేయడం మరో పని. మొదటిదానిలో రిట్నర్‌కు సాటి అరుదు. రెండోదాన్ని ఆమెకు అప్పగించినప్పుడు దానికి కావలసిన అధికారాలు మాత్రం ప్రాంతీయ సంఘాల దగ్గరే ఉండిపోయాయి.

గెర్లాక్ తర్వాత కెప్టెన్ అయిన రైనర్ షుట్లర్ క్రీడాకారుడిగా రిట్నర్ కంటే చాలా పెద్ద పేరు. 2003 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనలిస్టు, ఐదో ర్యాంకు, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నికోలస్ కీఫర్‌తో డబుల్స్ రజతం, తర్వాత కొంతకాలం కెర్బర్‌కు సొంత కోచ్. ఆయన కాలంలో ఫైనల్స్ పద్ధతే మారింది. ఫైనల్స్‌ను ఒకే నగరంలో, రెండు సింగిల్స్, ఒక డబుల్స్‌తో జరపడం మొదలైంది. రెండో రోజు మనసు మార్చుకునే అవకాశం అందులో లేదు, డబుల్స్ మూడో వంతు బరువు మోస్తుంది. సోచీలో రిట్నర్ తీసుకున్నటువంటి నిర్ణయానికి ఆ ఫైనల్స్‌లో చోటే లేదు. ఇప్పటి కెప్టెన్లకు ఉన్నవి అదే కుర్చీ, ఆ ఒకటిన్నర నిమిషం, పోటీకి ముందు కొన్నేళ్లపాటు క్రీడాకారిణులకు తాము చేసిన ఫోన్‌లు.